తటస్థత నుండి సమరాంగణానికి

ఉద్దేశం

రెండు పక్షాల మధ్య యుద్ధం జరుగుతున్నప్పుడు ఏ పక్షంలోనూ చేరక, ఉభయులతోనూ సమభావంతో వ్యవహరించడాన్ని తటస్థత అంటారు. తటస్థ రాజ్యానికి అంతర్జాతీయ న్యాయం కొన్ని హక్కులనూ, కొన్ని బాధ్యతలనూ నిర్దేశించింది. అయితే ఆ హక్కులను కాపాడుకొనే ప్రయత్నమే ఒక్కొక్కప్పుడు ఆ దేశాన్ని యుద్ధంలోకి దింపుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల అనుభవం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1914 ఆగస్టు నుండి 1917 ఏప్రిల్ వరకు, అంటే రెండు సంవత్సరాల ఎనిమిది నెలల కాలంలో, ఆ దేశం నడిచిన దారిని వివరించి విద్యార్థులలో చారిత్రక వివేచనను పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

యుద్ధారంభం – తటస్థతా ప్రకటన

1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ సరయేవో నగరంలో హత్యకు గురయ్యాడు. ఐరోపాలో అప్పటికే నివురుగప్పిన నిప్పువలె ఉన్న వైరాలు ఆ సంఘటనతో భగ్గుమన్నాయి. ఆగస్టు మొదటి వారం ముగిసేసరికి బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాలు ఒక పక్షాన, జర్మనీ, ఆస్ట్రియా–హంగరీలు మరొక పక్షాన నిలిచి మహోగ్రమైన సంగ్రామానికి తలపడ్డాయి. మొదటి పక్షాన్ని మిత్రరాజ్యాలని, రెండవ పక్షాన్ని కేంద్ర రాజ్యాలని వ్యవహరించారు.

అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఆగస్టు 4న తమ దేశం తటస్థంగా ఉంటుందని ప్రకటించాడు. అదే నెల 19న చేసిన మరొక ప్రకటనలో ప్రజలు చేతలలోనే గాక ఆలోచనలలో కూడా నిష్పాక్షికంగా ఉండాలని విజ్ఞప్తి చేశాడు. ఈ విధానం ఆ దేశానికి కొత్తది కాదు. మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1796లో పదవీ విరమణ సమయాన, విదేశాలతో శాశ్వత కూటములు పెట్టుకోవద్దని జాతికి హితవు చెప్పాడు. మూడువేల మైళ్ల అట్లాంటిక్ మహాసముద్రం తమకు పెట్టనికోట అని అమెరికన్ల నమ్మకం.

తటస్థతకు ఆంతరంగికమైన కారణం కూడా ఒకటి ఉంది. అమెరికా వలసవచ్చినవారి దేశం. 1910 జనాభా లెక్కల నాటికి దేశ జనాభా తొమ్మిది కోట్ల ఇరవై లక్షలు. వారిలో సుమారు మూడవ వంతు మంది విదేశాలలో పుట్టినవారు, లేదా విదేశాలలో పుట్టిన తల్లిదండ్రులకు జన్మించినవారు. జర్మనీతో అటువంటి సంబంధం ఉన్నవారే ఎనభై లక్షలకు పైగా ఉన్నారు. ఐర్లండు నుండి వచ్చినవారికి బ్రిటన్ అంటే గిట్టదు. ఇంగ్లీషు మాట్లాడే పాతతరం కుటుంబాలకు బ్రిటన్ మీద మమకారం. ఏదో ఒక పక్షాన చేరితే స్వదేశంలోనే చీలికలు వస్తాయని విల్సన్ భయపడ్డాడు. అందువల్ల తటస్థత ఆయనకు విదేశాంగ విధానం మాత్రమే కాదు, దేశ సమైక్యతను కాపాడుకొనే ఉపాయం కూడా.

వ్యాపారం – అప్పు

తటస్థ దేశ పౌరులు యుద్ధనిరత దేశాలతో వ్యాపారం చేయడాన్ని అంతర్జాతీయ న్యాయం నిషేధించలేదు. ఆయుధాలను సైతం అమ్మవచ్చు. కాని మార్గమధ్యంలో శత్రుపక్షం వాటిని పట్టుకొంటే ఆ నష్టం అమ్మినవారిదే. కాగితం మీద ఈ నియమం ఉభయపక్షాలకూ సమానమే. ఆచరణలో మాత్రం సముద్రం ఎవరి అధీనంలో ఉంటే వారికే ఇది ఉపకరించింది. సముద్రం బ్రిటన్ అధీనంలో ఉంది.

బ్రిటిష్ నౌకాదళం జర్మనీ రేవులకు సరకులు చేరకుండా నౌకాదిగ్బంధం విధించింది. 1914 నవంబరులో ఉత్తర సముద్రం మొత్తాన్ని యుద్ధక్షేత్రంగా ప్రకటించింది. నిషిద్ధ సరకుల జాబితాను పెంచుతూ పోయి, చివరకు ఆహారపదార్థాలను కూడా అందులో చేర్చింది. అమెరికా ఓడలను ఆపి సోదా చేసింది. అమెరికా ప్రభుత్వం ఈ చర్యల మీద నిరసన లేఖలు వ్రాసిందే గాని అంతకుమించి ఏమీ చేయలేదు. ఫలితంగా జర్మనీతో వ్యాపారం నామమాత్రమైపోయింది. మిత్రరాజ్యాలకు అమెరికా చేసిన ఎగుమతులు 1914లో సుమారు 82 కోట్ల డాలర్లు కాగా, 1916 నాటికి 300 కోట్ల డాలర్లను మించాయి. గోధుమలు, పత్తి, ఉక్కు, తూటాలు, మందుగుండు ఓడలకెత్తారు. యుద్ధానికి ముందు మాంద్యంతో కుంటుతున్న కర్మాగారాలు రాత్రింబవళ్లు పనిచేయసాగాయి.

వ్యాపారం వెనుకనే అప్పు వచ్చింది. యుద్ధారంభంలో విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయాన్, యుద్ధనిరత దేశాలకు అమెరికా బ్యాంకులు అప్పులివ్వడం నిజమైన తటస్థతకు విరుద్ధమని వాదించాడు. నిషిద్ధ సరకులన్నింటిలోకీ చెడ్డది ధనమేనని, తక్కిన సరకులన్నీ దాని ఆజ్ఞకు లోబడినవేనని ఆయన అభిప్రాయం. ప్రభుత్వం మొదట ఆయన మాట పాటించింది. కొద్ది నెలలకే సరకుల కొనుగోలు నిమిత్తం స్వల్పకాలిక పరపతికి అనుమతినిచ్చింది. 1915 అక్టోబరులో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి అమెరికా విపణిలో 50 కోట్ల డాలర్ల రుణం సేకరించాయి. ఈ వ్యవహారంలో ప్రధానపాత్ర వహించింది న్యూయార్కులోని మోర్గన్ బ్యాంకు. అంతకుముందే ఆ సంస్థ బ్రిటన్ తరఫున అమెరికాలో సరకులు కొనిపెట్టే ప్రతినిధిగా నియమితమైంది. 1917 ఏప్రిల్ నాటికి మిత్రరాజ్యాలకు అమెరికన్లు ఇచ్చిన అప్పులు సుమారు 230 కోట్ల డాలర్లు. జర్మనీకి ఇచ్చినవి మూడు కోట్ల లోపు.

ఈ నిర్ణయాలలో ఏ ఒక్కటీ యుద్ధం కోరి చేసినది కాదు. అమ్మకం ఆగితే రైతులు, కార్మికులు నష్టపోతారు. అప్పు ఇవ్వకపోతే అమ్మకం ఆగుతుంది. ఇట్లా ఒకదాని అవసరం మరొకదానికి దారితీసింది. తుదకు మిత్రరాజ్యాల జయాపజయాలతో అమెరికా ఆర్థిక వ్యవస్థ ముడిపడిపోయింది.

వార్తల విషయంలోనూ ఇదే జరిగింది. యుద్ధం మొదలైన మరునాడే బ్రిటన్ జర్మనీ సముద్రాంతర తంత్రులను కోయించివేసింది. నాటి నుండి ఐరోపా వార్తలు అత్యధిక భాగం లండన్ మీదుగానే అమెరికాకు చేరేవి. బెల్జియంలో జర్మన్ సైన్యం జరిపిన దురంతాలు నిజంగా జరిగినవే. వాటికి కల్పనలు కూడా జోడించి బ్రిటన్ ప్రచారం చేసింది. ప్రజాభిప్రాయం క్రమంగా ఒకవైపుకు మొగ్గసాగింది.

సముద్ర గర్భం నుండి ప్రమాదం

ఉపరితల నౌకాబలంలో బ్రిటన్‌కు సరితూగలేని జర్మనీ జలాంతర్గామిని ఆశ్రయించింది. 1915 ఫిబ్రవరి 4న బ్రిటిష్ దీవుల చుట్టూ ఉన్న జలాలను యుద్ధక్షేత్రంగా ప్రకటించి, అక్కడ కనిపించిన శత్రునౌకలను ముంచివేస్తామని, తటస్థ దేశాల ఓడలకు కూడా ప్రమాదం తప్పకపోవచ్చునని హెచ్చరించింది. పూర్వపు నియమం ప్రకారం వర్తక నౌకను ముంచడానికి ముందు హెచ్చరించాలి. అందులోనివారిని సురక్షితంగా దింపాలి. పలుచని పొట్టతో ఉండే జలాంతర్గామి నీటిపైకి వచ్చి హెచ్చరికలు చేస్తే, ఆ వర్తక నౌకమీది చిన్న ఫిరంగి సైతం దానిని ధ్వంసం చేయగలదు. కొత్త ఆయుధానికి పాత న్యాయం కుదరలేదు. బ్రిటన్ ఉల్లంఘనలలో సరకులు పోయాయి. జర్మనీ ఉల్లంఘనలలో ప్రాణాలు పోయాయి. అమెరికా ప్రజలు ఈ రెండింటినీ ఒకే త్రాసులో తూచలేకపోయారు.

1915 మే 1న లూసిటానియా అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడ న్యూయార్కు నుండి బయలుదేరింది. యుద్ధక్షేత్రంలో బ్రిటిష్ ఓడలపై ప్రయాణించేవారు తమ పూచీమీదనే ప్రయాణిస్తున్నట్లు తెలుసుకోవాలని జర్మన్ రాయబార కార్యాలయం ఇచ్చిన ప్రకటన ఆ ఉదయమే పత్రికలలో వచ్చింది. దానిని పట్టించుకొన్నవారు తక్కువ. మే 7న ఐర్లండు దక్షిణ తీరంలో యు–20 అనే జర్మన్ జలాంతర్గామి ఆ ఓడను టార్పెడోతో కొట్టింది. పద్దెనిమిది నిమిషాలలో ఓడ మునిగిపోయింది. 1,198 మంది మరణించారు. వారిలో 128 మంది అమెరికన్లు. ఓడలో రైఫిల్ తూటాలు కూడా ఉన్నమాట వాస్తవమే. కాని నీటిపాలైన స్త్రీలు, శిశువుల వార్తల ముందు ఆ వాదం నిలవలేదు.

యుద్ధం ప్రకటించాలని మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వంటివారు గర్జించారు. విల్సన్ తొందరపడలేదు. జర్మనీకి వరుసగా లేఖలు వ్రాశాడు. రెండవ లేఖ మరీ కఠినంగా ఉందని భావించిన బ్రయాన్, జూన్‌లో విదేశాంగ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. యుద్ధనిరత దేశాల ఓడలలో ప్రయాణించవద్దని అమెరికన్లనే హెచ్చరించాలని ఆయన సూచన. యుద్ధసామగ్రి మోసే ఓడకు ప్రయాణికులు కవచం కారాదని ఆయన వాదించాడు. విల్సన్ అందుకు అంగీకరించలేదు. పౌరుని హక్కును ఒకచోట వదులుకొంటే తక్కిన హక్కులు కూడా జారిపోతాయని ఆయన వాదన. ఇద్దరూ శాంతికాముకులే. ఒకరు శాంతి కోసం హక్కును వదులుకోవచ్చునన్నారు. మరొకరు హక్కును వదులుకొంటే శాంతికి గౌరవం లేదన్నారు. బ్రయాన్ స్థానంలో వచ్చిన రాబర్ట్ లాన్సింగ్ మిత్రరాజ్యాల పక్షపాతి.

ఇచ్చిన మాట – దాని షరతు

1915 ఆగస్టులో అరబిక్ అనే బ్రిటిష్ ఓడను జర్మన్లు ముంచారు. అమెరికా నిరసనతో, ప్రయాణికుల ఓడలను హెచ్చరిక లేకుండా ముంచబోమని జర్మనీ మాట ఇచ్చింది. 1916 మార్చి 24న ఇంగ్లీషు చానెల్‌లో ససెక్స్ అనే ఫ్రెంచి ఓడపై దాడి జరిగి ఆ మాట తప్పింది. ఈ పద్ధతి మానకపోతే దౌత్యసంబంధాలు తెంచుకొంటామని విల్సన్ స్పష్టంగా హెచ్చరించాడు. మే 4న జర్మనీ లొంగి, వర్తక నౌకల విషయంలో కూడా పాత నియమాలనే పాటిస్తామని హామీ ఇచ్చింది. అయితే బ్రిటన్ కూడా అంతర్జాతీయ న్యాయాన్ని పాటించేటట్లు అమెరికా చూడాలని షరతు పెట్టింది. విల్సన్ హామీని స్వీకరించి షరతును తిరస్కరించాడు.

చూడడానికి ఇది దౌత్య విజయమే. ఆ తరువాత సుమారు తొమ్మిది నెలలు సముద్రం కొంత ప్రశాంతంగా ఉంది. కాని ఈ విజయంలోనే ప్రమాదం దాగి ఉంది. ఇకమీదట జర్మనీ మాట తప్పితే ఏం చేయాలో విల్సన్ ముందుగానే చెప్పివేశాడు. శాంతిని నిలిపి ఉంచే నిర్ణయం వాషింగ్టన్ చేతి నుండి బెర్లిన్ చేతికి మారింది.

ఆ సంవత్సరం అమెరికన్లకు బ్రిటన్‌పై కూడా ఆగ్రహం కలిగింది. ఐర్లండు తిరుగుబాటు నాయకులను బ్రిటన్ కాల్చిచంపింది. జర్మనీతో వ్యాపారం చేస్తున్నారనే అనుమానంతో అమెరికా సంస్థలను జూలైలో బహిష్కృతుల జాబితాకెక్కించింది. మరొకవైపు జూలై 30న న్యూజెర్సీ తీరంలోని బ్లాక్‌టామ్ మందుగుండు నిల్వ భయంకరంగా పేలిపోయింది. అది జర్మన్ ఏజెంట్ల పనేనని తరువాత తేలింది. ఇదే కాలంలో సైన్యాన్ని, నౌకాదళాన్ని విస్తరించే చట్టాలు వచ్చాయి. యుద్ధం రాకుండా ఉండడానికే సన్నద్ధత అని ప్రభుత్వం చెప్పింది.

1916 నవంబరు ఎన్నికలలో విల్సన్‌ను ఆయన పార్టీవారు దేశాన్ని యుద్ధానికి దూరంగా ఉంచిన నాయకుడిగా ప్రజల ముందుంచారు. 277–254 ఎలక్టోరల్ ఓట్లతో, స్వల్ప ఆధిక్యంతో ఆయన తిరిగి గెలిచాడు. ప్రజలు శాంతినే కోరుతున్నారని స్పష్టమైంది. ఆ బలంతో విల్సన్ డిసెంబరులో ఉభయపక్షాలనూ తమ తమ యుద్ధలక్ష్యాలు ప్రకటించవలసిందిగా కోరాడు. 1917 జనవరి 22న సెనేట్‌లో ప్రసంగిస్తూ, గెలిచినవాడూ ఓడినవాడూ లేని సంధియే నిలుస్తుందని చెప్పాడు. ఆయనకు తెలియని విషయం ఒకటుంది. అప్పటికి పదమూడు రోజుల క్రితమే బెర్లిన్ నిర్ణయం జరిగిపోయింది.

చివరి తొమ్మిది వారాలు

జనవరి 9న జర్మన్ చక్రవర్తి కైజర్ సమక్షంలో సేనానులు, మంత్రులు సమావేశమయ్యారు. దిగ్బంధం వల్ల జర్మనీలో ఆహారం కరువైంది. నెలకు ఆరు లక్షల టన్నుల ఓడలను ముంచితే అయిదు నెలలలో బ్రిటన్ లొంగిపోతుందని నౌకాదళాధికారులు లెక్కలు కట్టారు. అమెరికా యుద్ధంలోకి వచ్చినా, దాని సేనలు ఫ్రాన్స్ చేరేలోగా అంతా ముగుస్తుందని నమ్మారు. ఛాన్సలర్ బెత్‌మన్ హాల్‌వెగ్‌కు ఇది ఇష్టం లేకపోయినా అడ్డుచెప్పలేకపోయాడు. ఫిబ్రవరి 1 నుండి యుద్ధక్షేత్రంలో కనిపించిన ప్రతి ఓడనూ, తటస్థ దేశాలదైనా సరే, ముంచివేస్తామని జనవరి 31న జర్మనీ అమెరికాకు తెలియజేసింది.

ఫిబ్రవరి 3న విల్సన్ దౌత్యసంబంధాలు తెంచుకొన్నాడు. అప్పటికీ యుద్ధం ప్రకటించలేదు. వర్తక నౌకలకు ఆయుధాలు అమర్చుకొని తటస్థంగానే ఉండవచ్చునేమోనని ప్రయత్నించాడు. ప్రతినిధుల సభ ఆమోదించిన ఆ బిల్లును సెనేట్‌లో కొద్దిమంది సభ్యులు దీర్ఘోపన్యాసాలతో అడ్డుకొన్నారు. మార్చిలో అధ్యక్షుడు తన అధికారంతోనే దానిని అమలుపరిచాడు.

ఈలోగా మరొక సంఘటన జరిగింది. జర్మన్ విదేశాంగ మంత్రి ఆర్థర్ జిమ్మర్‌మన్ జనవరి 16న మెక్సికోలోని తమ రాయబారికి గూఢలిపిలో ఒక టెలిగ్రాం పంపాడు. అమెరికా యుద్ధంలోకి దిగితే మెక్సికో జర్మనీతో చేతులు కలపాలని, అందుకు ప్రతిఫలంగా మెక్సికో పూర్వం పోగొట్టుకొన్న టెక్సస్, న్యూమెక్సికో, అరిజోనా ప్రాంతాలను తిరిగి పొందడానికి జర్మనీ తోడ్పడుతుందని అందులోని సారాంశం. జర్మనీ తంత్రులు తెగిపోయి ఉన్నందువల్ల, శాంతిచర్చల నిమిత్తం విల్సన్ దయతో వాడుకోనిచ్చిన అమెరికా ప్రభుత్వ తంతిమార్గంలోనే ఆ సందేశం ప్రయాణించడం విచిత్రం. ఆ మార్గం లండన్ మీదుగా పోతుంది. బ్రిటిష్ నౌకాదళ గూఢచారి విభాగం దానిని పట్టి అర్థం విప్పింది. అమెరికా తంతులను కూడా తాము వింటున్న సంగతి బయటపడకుండా, మెక్సికో నగరంలో మరొక ప్రతిని సంపాదించి, ఫిబ్రవరి చివరివారంలో అమెరికా రాయబారికి అందజేసింది. మార్చి 1న పత్రికలు దానిని ప్రచురించాయి. ఇది బ్రిటన్ కల్పన అని అనేకులు అనుమానించారు. మార్చి 3న జిమ్మర్‌మన్ స్వయంగా అది తనదేనని ఒప్పుకొన్నాడు. అంతవరకు ఐరోపా యుద్ధం తమకు పట్టదనుకొన్న పశ్చిమ, నైరుతి రాష్ట్రాల ప్రజలకు యుద్ధభయం ఇంటి గుమ్మంలోకి వచ్చినట్లయింది.

మార్చి మధ్యలో మూడు అమెరికా ఓడలు మునిగాయి. అదే సమయంలో రష్యాలో విప్లవం వచ్చి జార్ చక్రవర్తి సింహాసనం వదులుకొన్నాడు. మిత్రరాజ్యాల పక్షంలో నిరంకుశ ప్రభువున్నాడనే ఆక్షేపణ తొలగింది. మార్చి 20న మంత్రివర్గం ఏకగ్రీవంగా యుద్ధమే మార్గమని చెప్పింది. ఏప్రిల్ 2 రాత్రి విల్సన్ కాంగ్రెసు ఉభయసభల ఎదుట నిలిచి, ప్రపంచం ప్రజాస్వామ్యానికి సురక్షితం కావాలని చెప్పి యుద్ధప్రకటనను కోరాడు. ఏప్రిల్ 4న సెనేట్ 82–6 ఓట్లతోనూ, 6న ప్రతినిధుల సభ 373–50 ఓట్లతోనూ ఆమోదించాయి. సెనేటర్ జార్జి నోరిస్ ఇది ధనికుల లాభం కోసం చేసే యుద్ధమని నిందించాడు. కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి మహిళ జెనెట్ రాంకిన్ దేశాన్ని ప్రేమిస్తూనే యుద్ధానికి ఓటు వేయలేనని చెప్పింది.

చెల్లించిన మూల్యం

మే నెలలో నిర్బంధ సైనికసేవా చట్టం వచ్చింది. ఇరవై లక్షల మంది సైనికులు ఫ్రాన్స్ చేరారు. జర్మన్ నౌకాదళాధికారుల లెక్క తప్పింది. 1918 నవంబరు 11న యుద్ధం ముగిసింది. అమెరికాకు జరిగిన ప్రాణనష్టం సుమారు 1,16,000. వారిలో సగానికి పైగా వ్యాధులవల్ల, ముఖ్యంగా ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వల్ల చనిపోయినవారే.

దేశం లోపల కూడా మూల్యం చెల్లించవలసి వచ్చింది. 1914లో విల్సన్ భయపడిన చీలిక 1917లో నిజమైంది. అనేక పాఠశాలలలో జర్మన్ భాషాబోధన మానివేశారు. జర్మన్ సంతతివారిని అనుమానంగా చూశారు. గూఢచర్య నిరోధక చట్టం పేరిట యుద్ధ వ్యతిరేకులను శిక్షించారు. సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కు ఒక ఉపన్యాసం చేసినందుకు 1918లో పదేళ్ల కారాగారశిక్ష పడింది.

ఈ మార్పు భారతీయులను కూడా తాకింది. తటస్థ అమెరికాలో ప్రవాస భారతీయులు 1913లో గదర్ పార్టీని స్థాపించి, బ్రిటిష్ పాలనపై పోరాటానికి పూనుకొన్నారు. ఆ పార్టీలో పనిచేసిన తెలుగువారిలో దరిశి చెంచయ్య ఒకరు. అమెరికా బ్రిటన్‌కు యుద్ధసహచరి అయిన తరువాత, గదర్ వీరులపై జర్మనీతో కలిసి కుట్రచేశారనే అభియోగం మోపి 1917 నవంబరు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోలో విచారణ జరిపింది. భారతదేశానికైతే తటస్థంగా ఉండే అవకాశమే లేదు. బ్రిటన్ యుద్ధం ప్రకటించడంతోనే భారతదేశం కూడా యుద్ధంలో చేరిపోయింది. భారత ప్రజలను అడిగినవారు లేరు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవులోని చమురు నిల్వలపై గుండ్లు కురిపించింది. పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి ఆ యుద్ధంలో పనిచేశారు. తటస్థత కూడా స్వతంత్ర దేశానికి మాత్రమే దక్కే భాగ్యమని దీనివల్ల తెలుస్తుంది.

విశ్లేషణ

అమెరికా యుద్ధంలోకి దిగడానికి కారణం ఏది? వ్యాపారులు, బ్యాంకులు దింపారని కొందరు, జర్మనీ జలాంతర్గాములు దింపాయని కొందరు, విల్సన్ ఆదర్శవాదమే దింపిందని మరికొందరు అంటారు. ఏ ఒక్క కారణమూ ఒంటరిగా చాలదు. వ్యాపారం లేకపోతే జర్మనీ ఆ ఓడలను ముంచవలసిన అవసరం తక్కువగా ఉండేది. ఓడలు మునగకపోతే, ఎంత వ్యాపారమున్నా కాంగ్రెసు యుద్ధానికి ఓటు వేసేది కాదు. హామీ తప్పితే సంబంధాలు తెంచుతామని ముందుగా చెప్పకపోతే, విల్సన్‌కు మరికొంత వ్యవధి మిగిలేది.

యుద్ధం అనివార్యమని చెప్పడం కూడా సరికాదు. నార్వే ఓడలు ఆ యుద్ధంలో పెద్ద సంఖ్యలో మునిగి నావికులు చనిపోయారు. డెన్మార్కు, హాలెండు దేశాలు కూడా నష్టపోయాయి. అయినా ఆ మూడు దేశాలు చివరిదాకా తటస్థంగానే ఉన్నాయి. అవి చిన్న దేశాలు. అవమానాన్ని దిగమింగి బ్రతకడం వాటికి తప్పనిసరి. పెద్ద దేశానికి తన ప్రతిష్ఠ కూడా ఒక బరువే.

ఈ అనుభవం నుండి అమెరికా పాఠం నేర్చుకోవాలని చూసింది. సెనేటర్ జెరాల్డ్ నై అధ్యక్షతన ఒక సంఘం 1934–36 మధ్య ఆయుధ వ్యాపారుల లాభాలను విచారించింది. 1935 నుండి వరుసగా తటస్థతా చట్టాలు వచ్చాయి. యుద్ధనిరత దేశాలకు ఆయుధాలు అమ్మరాదు, అప్పులివ్వరాదు, పౌరులు వాటి ఓడలెక్కరాదు అని నిషేధించారు. బ్రయాన్ చెప్పిన మాటలే ఇరవై సంవత్సరాల తరువాత చట్టాలయ్యాయి. కాని రెండవ ప్రపంచయుద్ధం రాగానే ఆ కట్టుబాట్లు ఒక్కొక్కటిగా సడలిపోయాయి. 1939లో రొక్కమిచ్చి తమ ఓడలలో తీసుకుపోయేవారికి ఆయుధాలు అమ్మవచ్చునన్నారు. 1940లో బ్రిటన్‌కు 50 పాత యుద్ధనౌకలిచ్చి స్థావరాలు పుచ్చుకొన్నారు. 1941 మార్చిలో అరువు–బదులు చట్టం వచ్చింది. డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్‌పై దాడి చేయడంతో మిగిలిన అడుగు కూడా పడింది. ఆనాడు కాంగ్రెసులో యుద్ధానికి వ్యతిరేకంగా పడిన ఓటు ఒక్కటే. అది మళ్లీ జెనెట్ రాంకిన్‌దే.

తటస్థత అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు; అది కత్తిమీద సాము. ఎవరికి ఏమి అమ్మాలి, ఎవరికి అప్పివ్వాలి, ఎవరి తప్పును ఎంతవరకు సహించాలి అనే ప్రశ్నలకు ప్రతిదినం సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది. ఆ సమాధానాలు వేటికవి చిన్నవిగా కనిపిస్తాయి. వాటి మొత్తం ఎటు నడిపిస్తున్నదో ఎప్పటికప్పుడు లెక్క చూసుకోవడం పాలకుల బాధ్యత; ఆ లెక్కను అడిగి తెలుసుకోవడం పౌరుల బాధ్యత.

కఠిన పదాలకు అర్థాలు

సమరాంగణం = యుద్ధభూమి
నిష్పాక్షికం = పక్షపాతం లేనిది
పెట్టనికోట = సహజమైన రక్షణ
యుద్ధనిరత దేశాలు = యుద్ధం చేస్తున్న దేశాలు
నిషిద్ధ సరకులు = రవాణా చేయరాదని నిషేధించిన వస్తువులు
పరపతి = అరువు, అప్పు పుట్టే నమ్మకం
సముద్రాంతర తంత్రులు = సముద్ర గర్భంలో వేసిన టెలిగ్రాఫ్ తీగలు
గూఢలిపి = రహస్య సంకేతాల వ్రాత
మూల్యం = వెల

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. వ్యాపారం, అప్పులు అమెరికా తటస్థతను ఏ విధంగా ప్రభావితం చేశాయి?
2. 1917 జనవరి నుండి ఏప్రిల్ వరకు జరిగిన సంఘటనలను వరుసగా వివరించండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. బ్రయాన్, విల్సన్‌ల అభిప్రాయభేదం ఎట్టిది? ఎవరి వాదం సమంజసమని భావిస్తున్నారు? ఎందుకు?
2. ససెక్స్ హామీని విజయమనీ, ప్రమాదమనీ ఎందుకు చెప్పవచ్చు?
3. అమెరికా యుద్ధప్రవేశం గదర్ పార్టీపై చూపిన ప్రభావాన్ని తెలపండి.

III. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. లూసిటానియా ఎప్పుడు మునిగింది?
2. జిమ్మర్‌మన్ టెలిగ్రాం ఏ దేశంలోని జర్మన్ రాయబారికి పంపబడింది?
3. రెండు యుద్ధప్రకటనలకూ వ్యతిరేకంగా ఓటు వేసిన కాంగ్రెసు సభ్యురాలు ఎవరు?

IV. విడదీసి సంధి పేరు వ్రాయండి.
సమరాంగణం, మహోగ్రం, అత్యధికం, ప్రజాభిప్రాయం

V. విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలపండి.
జయాపజయాలు, యుద్ధభయం, ప్రాణనష్టం, మిత్రరాజ్యాలు

VI. క్రింది జాతీయాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.
నివురుగప్పిన నిప్పు, పెట్టనికోట, కత్తిమీద సాము